సీటు మీద దస్తీ

గేటు దగ్గర బాలకిషన్ రిజిస్టరు తిప్పుతూ
"ఖలీల్ భాయ్ రాలేదా?" అన్నాడు, మొదటి మాటే అది.
ఇప్పట్నుంచి నేనే, అన్నాను.
నిచ్చెన వైపు చూశాడు, నా వైపు చూశాడు,
ఎవరికో ఫోన్ చేసి అడిగాకే వదిలాడు.

మలక్‌పేట, టీవీ టవర్ వెనక సందు.
రెండో అంతస్తులో డయాలసిస్ వార్డు.
పన్నెండు మంచాలు, పన్నెండు మిషన్లు,
నాలుగు గంటలు కదపకూడని చెయ్యి ఒకటి,
కదిలే చేతిలో ఫోను.
ఏసీ నీళ్లు కారి పాత యాక్సెస్ పాయింట్ చచ్చిపోయి
ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

కొత్తది తెల్లగా, గుండ్రంగా
అప్పుడే బోర్లించిన ఇడ్లీలా ఉంది.
సీలింగు పలక జరిపి బిగించాను.
కరెంటు అందింది. దీపం వెలిగింది, ఆరెంజ్ రంగు.
ఆరుతుంది, వెలుగుతుంది,
పేరు పిలుస్తారేమోనని ఓపీలో కూర్చున్న మనిషి
తలెత్తి దించినట్టు.
ల్యాప్‌టాప్‌లో జాబితా తెరిస్తే
రిసెప్షనుంది, ల్యాబుంది, మందుల షాపుంది.
ఇది లేదు.

కేబులు మార్చాను.
కొసలు కోసి ఎనిమిది తీగలూ మళ్లీ రంగుల వరసలో పేర్చి నొక్కాను.
సలోమి సిస్టర్‌ని బ్యాడ్జి పిన్ను అడిగి
రీసెట్ బొక్కలో పది సెకన్లు గుచ్చి పట్టుకున్నాను.
అన్నీ మరిచిపోయి కొత్తగా లేచింది,
లేచి, అదే ఆరెంజ్.
అడ్రసు ఇమ్మని అరుస్తోంది, ఎవరూ పలకరు.
చివరికి తనకు తానే ఒకటి రాసుకుంది,
నూట అరవై తొమ్మిదితో మొదలయ్యేది,
ఏ పోస్ట్‌మనూ ఎరగని ఇంటి నంబరు.

పొద్దున ఆఫీసులో నా బల్ల మీద బాగానే కలిశావు కదే,
అన్నాను, పైకే.

ఏడో మంచం మాణిక్యం సారు నవ్వాడు.
ముప్పై ఏళ్లు దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరు.
"ఏమైతున్నదమ్మా దానికి?"
బస్సెక్కింది సార్, కూసోనిస్తలేరు.
"టికెట్ ఉన్నదా?"
ఉంది.
"సీటు?"
ఖాళీగనే కనబడుతుంది.
"కనబడుడు వేరే. ఎవనిదో దస్తీ ఉంటది, చూడు."

నిచ్చెన మీద ఒక కాలు, గాల్లో ఒక కాలు,
అలాగే ఆగిపోయాను.

మెట్ల కింద గది. చెప్పుల స్టాండు పక్కన ర్యాకు.
స్విచ్‌లో పద్నాలుగో పోర్టు తెరిచాను.
ఉంది.
చచ్చిపోయినదాని పన్నెండక్షరాల గుర్తు,
దీన్ని తప్ప ఇంకెవరినీ రానీయొద్దని తాళం.
తొమ్మిది రోజులుగా ఖాళీ సీటుకు కాపలా.
కొత్తది తలుపు కొట్టిన ప్రతిసారీ
చప్పుడు చేయకుండా ఒక అంకె పెంచుకుంటూ పోయింది:
రెండు వేల ఎనిమిది వందల పదకొండు.
పోర్టు పేరు దగ్గర ఖలీల్ రాసిన ఒకే ముక్క,
"మత్ ఛేడో."

ఫోన్ చేశాను. వెనక చాయ్ కప్పుల చప్పుడు.
"పద్నాలుగా? అరే, ఒక పేషంటు కొడుకు
ఇంట్ల రౌటర్ తెచ్చి తగిలిచ్చిండమ్మా,
వార్డు మొత్తం పడిపోయింది. రాత్రి రెండింటికి పిలిచిన్రు.
అప్పుడేసిన తాళం అది.
తీసెయ్. తీసి, మళ్ల వెయ్."

తీసే ముందు వేలు ఎందుకో ఆగింది.
ఆ పన్నెండక్షరాలూ నోట్‌బుక్కులో రాసుకున్నాను,
ఎందుకూ పనికిరావని తెలిసే.
తర్వాత కొట్టేసి, కొత్తదాని గుర్తు పెట్టి, మళ్లీ తాళం వేశాను.
"మత్ ఛేడో" మాత్రం చెరపలేదు.

పైకి వచ్చేసరికి దీపం నీలం.
ఎవరూ తలెత్తలేదు.
మాణిక్యం సారు ఫోన్‌లో
శ్రీశైలం ఘాటు రోడ్డు, బస్సు ముందు సీట్లోంచి ఎవరో తీసింది,
మూడు గంటల వీడియో. మన్ననూరు ఇప్పుడే దాటింది.
ఎడం చెయ్యి మిషన్‌కి ఇచ్చి, కుడి బొటనవేలితో
ప్రతి స్టేజీ దగ్గరా ఆపి చూస్తున్నాడు.

దిగి వస్తే బాలకిషన్ రిజిస్టరు ముందుకు తోశాడు.
పేరు గడిలో అలవాటుగా ఖలీల్ అని రాసేశాడు.
నాలుక్కరుచుకుని, కొట్టెయ్యకుండా,
పక్కనే ఒక మాట చేర్చాడు.
ఖలీల్ మేడమ్.

సంతకం పెట్టాను.